గురమ్మ నేర్పిన విసురు

ఓబులేష్ రెండేళ్లు బయటిదేశంలో జీతానికి బేస్‌బాల్ ఆడాడు. కుడిభుజం అరిగిపోయాక టీమువాళ్లు విమానం టికెట్ చేతిలో పెట్టారు. బద్వేలు పక్కనున్న సొంతూరికి వచ్చేసరికి బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో అతని ఫొటో కన్నా, కట్టించినవాళ్ల ఫొటోలే పెద్దవి.

అతనిది పిచ్చర్ పని. మట్టిదిబ్బ మీద నిలబడి, మోచెయ్యి వంచి, బ్యాటు పట్టినవాడికి అందకుండా బంతి విసరాలి. ఆ విసురు నేర్పింది వాళ్లమ్మ గురమ్మ. సజ్జ కంకి పాలు పట్టే నెలల్లో ఆమె కూలికి చేను కాసేది. మంచె మీద నిలబడి వడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలితే, చేను అవతలి గట్టున పిట్టల గుంపు లేచిపోయేది. ఏడేళ్ల కొడుక్కి వడిసెల తిప్పడం రాకపోతే ఉత్తచేత్తోనే విసరమంది.

"భుజంతో గాదురా, నడుముతో విసురు. చెయ్యి ఆఖర్న రావల్ల."

హైస్కూల్లో ఓబులేష్ గ్రౌండు ఆ చివర నుంచి రాయితో బడిగంట కొట్టాడు. డ్రిల్లు మాస్టరు సుందరం రెండు దెబ్బలు వేసి, తర్వాత చేతికి బంతి ఇచ్చాడు. అక్కణ్ణుంచి జిల్లా టీము, రాష్ట్రం టీము, చివరికి ఆ విదేశీ ఒప్పందం.

అక్కడ ఒకమ్మాయి కెమెరా ముందు ఇంగ్లీషులో అడిగింది, ఈ విసురు ఎక్కడ నేర్చుకున్నావని. పక్కన కూర్చున్న ఆటగాళ్లంతా అకాడమీల పేర్లు చెప్పారు. మంచె, వడిసెల, అమ్మ అన్నీ అతని నోటిదాకా వచ్చాయి. "మా రాష్ట్రంలో ఒక అకాడమీలో" అన్నాడు. అలాంటి అకాడమీ లేనే లేదు.

ఆ వీడియో ఊరికి చేరింది. "ఏం చెప్పినావు నాయనా?" అని ఫోన్లో గురమ్మ అడిగింది.

"నీ గురించే చెప్పినా మా."

అప్పటినుంచి ఆమె కనపడినవాళ్లకల్లా ఆ వీడియో చూపించేది.

వినాయకచవితికి పక్కూరితో క్రికెట్ పందెం పెట్టుకున్నారు. ఊరి టీము పెద్ద శేషన్న ఇంటికొచ్చాడు. "ఏమప్పా, ఫారెన్‌లో ఆడినోనివి. ఊరికోసం ఒక్క ఓవర్ వేయలేవా?"

రెండూ వేరే ఆటలని ఓబులేష్ చెప్పాల్సింది. చెప్పలేదు. ఊరు ఒక్కసారి చప్పట్లు కొడితే చాలనుకున్నాడు. రెండురోజులు గోడచాటున చెయ్యి వంచకుండా వేసి చూశాడు. మోచెయ్యి మాట వినలేదు.

పందెం రోజు బంతి అందుకుని మూడు బంతులు వేశాడు. మూడూ నోబాలే. "చెయ్యి వంచి ఇసురుతాండావప్పా" అన్నాడు అంపైరు.

పక్కూరి వీరభద్ర బ్యాటు మీద ఆనుకుని నవ్వాడు. "బౌలింగ్ యాడిదిలే, వాళ్లమ్మ మాదిరి పిట్టల్ని తోలుతాండాడు."

గ్రౌండంతా నవ్వింది. శేషన్న వచ్చి చేతిలోంచి బంతి తీసుకున్నాడు, ముఖం చూడకుండా.

గురమ్మ ఆడవాళ్లలోంచి లేచి వచ్చింది. "నేను నేర్పిందే. అయితే ఏమి? దేశంగాని దేశంలో వాడు ఆ మాటే చెప్పినాడు. నా ఫోన్లో ఉండాది."

"ఏం చెప్పినాడో మాకూ చెప్పించు పెద్దమ్మా" అంటూ వీరభద్ర ఫోన్ తీసుకుని, తన ఊరివాళ్లలో ఉన్న, కడపలో డిగ్రీ చదివే హర్షిణి అనే పిల్లకి ఇచ్చాడు. ఆ పిల్ల ఫోన్ చెవికి ఆనించుకుని విన్నది. ఓబులేష్ వైపు చూసింది. అతను బూటు ముక్కుతో నేల గీకుతున్నాడు.

"వాళ్లమ్మ నేర్పిందనే చెప్పినాడు" అంది హర్షిణి.

నవ్వులు ఆగిపోయాయి. ముక్కూమొహం తెలియని పిల్ల తనకోసం అబద్ధమాడింది. ఓబులేష్‌కు నోబాళ్ల కంటే అదే ఎక్కువ తగిలింది.

ఇంటిదారిలో ఓబులేష్ అమ్మ పక్కకు వచ్చి నడిచాడు. "మా, ఆ వీడియోలో..."

"నాకు ఇంగ్లీషు రాదుగానీ, నా పేరు వస్తే తెలీదా నాయనా? నూరుసార్లు ఇన్నా."

"మరి అందరికీ ఎందుకు చూపించినావు?"

"నువ్వు చెప్పినానంటివి గదా."

గురమ్మ దారిలో వంగి గుండ్రటి రాళ్లు ఏరి కొంగులో వేసుకోసాగింది. తెల్లారితే చేను కావలి. ఓబులేష్ కూడా వంగి ఒక రాయి తీసి ఇవ్వబోయాడు.

"వద్దులే. నీ భుజం నొప్పి గదా" అందామె, ముందుకు నడుస్తూ.