క్లిఫర్డ్ గారి శనివారాలు

క్లిఫర్డ్ బూత్‌కు కారు లేదు. పరిచయమైన మూడో నిమిషంలోనే ఆ సంగతి మనకు చెబుతాడు, తపస్సు చేసి సంపాదించిన వరం గురించి చెప్పినట్టు. "కారున్నవాడు కారుకి పాలేరు. నేనెవరికీ పాలేర్ని కాను," అంటాడు. డ్రైవింగు పరీక్ష ఐదుసార్లు తప్పాడనీ, ఐదోసారి పరీక్ష పెట్టినాయన మధ్యలోనే దిగిపోయి బస్సెక్కాడనీ మా కోన్ పట్టణంలో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడం మా మర్యాద.

ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ముప్పై రెండేళ్ళు జనం ఇళ్ళలో మెట్ల కింద దూరి అంకెలు రాసుకున్న మనిషికి అంకెలు లేకపోతే ఊపిరాడదు. ఇప్పుడు రైళ్ళ వేళలు రాసుకుంటాడు. చలికాలం వచ్చిందంటే మరీను. జనవరిలో హోటళ్ళు చవక, వీధులు ఖాళీ, ఎక్కడా వరసలో నిలబడక్కర్లేదు. "తెలివైనవాడు చలిలోనే ఊళ్ళు చూస్తాడు," అంటాడు. వాన, ఈదురుగాలి, నాలుగింటికే కమ్మే చీకటి గురించి ఆయన ఫైల్లో ఒక్క ముక్క ఉండదు.

ఆ ఫైలు చూసి తీరాలి. ఒక్కో కాగితం ఒక్కో ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది. శనివారం, ఆదివారం రెండు రోజుల ఊరికి పదకొండు కాగితాలు. "10.14 నుంచి 10.22 వరకు టీ (ఫ్లాస్కులోది)." "12.40 నుంచి 12.55 వరకు నది చూడడం." డబ్బులడగని మరుగుదొడ్లకు ఆకుపచ్చ చుక్క, అడిగేవాటికి ఎర్రచుక్క. నదిని పదిహేను నిమిషాలు చూసే మనిషిని నేను మరొకణ్ణి ఎరగను. ఐదు నిమిషాలయ్యేసరికి చూసేశానంటాడు. మిగతా పది నిమిషాలూ గడియారం చూస్తాడు.

ఈ మనిషిని మా గ్లెనిస్ పిన్ని పెళ్ళి చేసుకోవాలనుకుంది.

పిన్నికి యాభై ఎనిమిదేళ్ళు. బడి వంటింట్లో పని. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పదహారో ఏట నా చదువు ఆగిపోతే, సంత భవనంలో చీజు దుకాణం నడిపే తన స్నేహితురాలు మావిస్ దగ్గర పనికి పెట్టింది కూడా ఆవిడే. జనం ఆకలి తీర్చడం తప్ప తనకోసం ఏదీ అడగని మనిషి. అలాంటి మనిషి నిరుడు ఫిబ్రవరిలో ఒకరోజు బుగ్గలు ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చింది.

"క్లిఫర్డ్ గారు నా ఫోటో అడిగారే బెత్."

"ఎందుకట?"

"ఎందుకని అడుగుతారా ఎవరైనా? మొహం బాగా కనపడాలన్నారు. పర్సులో పెట్టుకుంటారట."

ఆ ఫోటో కోసం జుట్టు చుట్టలు తిప్పించుకుంది. సూపర్ మార్కెట్లో నాణేలు వేస్తే ఫోటో తీసే పెట్టెలో మూడుసార్లు కూర్చుంది. ఆయన ఆ ఫోటోని నిజంగానే పర్సులో పెట్టుకున్నాడు. పిన్ని ఆ మాట సంతంతా చెప్పింది. ఆ ఏడాదంతా నెలకో శనివారం ఆయనతో ఏదో ఒక ఊరికి వెళ్ళి, కాళ్ళు వాచి వచ్చేది. టికెట్లు ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండేవి. "ఎంత బాధ్యత!" అనేది.

ఈ జనవరిలో మావిస్ దుకాణం వదిలేస్తానంది. వేళ్ళు వంకర్లు పోయి చీజు కోసే తీగ పట్టుకోలేకపోతోంది.

"గ్లెనిస్, నువ్వు తీసుకో," అంది పిన్నితో. "నువ్వూ, ఈ మూగమొద్దూ కలిసి నడుపుకోండి. నువ్వొద్దంటే ఫోన్ తొడుగులమ్మేవాడు కాచుకుని కూర్చున్నాడు. సోమవారానికల్లా చెప్పాలి."

మూగమొద్దు అంటే నేను. ఆ ఫోన్ తొడుగులవాడికి చీజు కోసేదానితో పని లేదు. పిన్ని కాదంటే నా పనీ పోతుంది. కానీ మా దుకాణానికి శనివారమే ప్రాణం, వారం మొత్తం అమ్మకంలో సగం ఆ ఒక్కరోజే. క్లిఫర్డ్ అంతకుముందే తేల్చి చెప్పాడు. "శనివారం ఖాళీ లేని ఆడదానితో నాకేం పని గ్లెనిస్?"

పిన్ని చెవికి అది పెళ్ళిమాటలా వినపడింది. యార్క్ అనే ఊరికి రెండు రోజుల ప్రయాణం ఆ వారమే పడింది. "అక్కడ అడుగుతారే. రాత్రి ఉండే ప్రయాణం ఇదే మొదటిసారి కదా. ఆయన అడిగితే మావిస్‌కి వద్దని చెప్పేస్తా. అడక్కపోతే..." అడగని మగాడితో ఒక్క గదిలో ఉండనని నన్నూ రమ్మంది. ఆ ఒక్క శనివారానికి మావిస్ గొణుగుతూనే నాకు సెలవిచ్చింది. క్లిఫర్డ్ క్షణం ఆలోచించాడు. మూడు మంచాల గదయితే మనిషికి ఇంకా తక్కువ పడుతుందని తేలింది. అలా మధ్య మంచం నాదయింది.

మా ఊరు రైలు మార్గానికి చివర. ఒక్క ప్లాట్‌ఫారం, గంటకో బండి. శనివారం పొద్దున పిన్ని నీలం కోటు వేసుకుని, కొత్త చేతిజోళ్ళతో వచ్చింది. క్లిఫర్డ్ మా ఇద్దరి చేతుల్లో చెరో ప్లాను కాగితం పెట్టాడు. అక్రింగ్టన్‌లో బండి మారాక తనిఖీ చేసే ఆవిడ వచ్చింది, లావుపాటి నవ్వుమొహం మనిషి. క్లిఫర్డ్ టికెట్లూ, పర్సులోంచి ఒక కార్డూ తీసిచ్చాడు.

"అబ్బో, జంట కార్డా!" అందావిడ. "ఇద్దరూ కలిసి ఎక్కితే మూడోవంతు తగ్గింపు, ఒక్కరైతే చెల్లదు. ఈ కార్డు పుణ్యమా అని ఎన్ని కాపరాలు నిలబడుతున్నాయో!"

కార్డు మీద రెండు ఫోటోలున్నాయి. ఒకటి ఆయనది. పక్కన చుట్టల జుట్టుతో, ఎవరో తన పేరు పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు, మా పిన్ని. కింద ఒక అంకె.

ఫోటో ఎందుకడిగాడో ఇప్పుడు పిన్నికి అర్థమవుతుందనుకున్నాను. పిన్ని నా చెవి దగ్గరకు వంగింది. "ఒకే కార్డు మీద ఇద్దరం ఉన్నామే," అంది, మురిసిపోతూ. క్లిఫర్డ్ సంగతి సరే, ఆ క్షణాన నాకు పిన్ని మీద కూడా అసహ్యం వేసింది.

యార్క్‌లో గాలి చెంపలు కోసింది. కోటగోడ మీద 11.20 నుంచి 12.30 దాకా నడవాలని ప్లాను. మెట్ల దగ్గర మంచు కట్టిందని గొలుసు వేశారు. క్లిఫర్డ్ ఆ గొలుసును తన కాగితంతో పోల్చి చూశాడు, కాగితం చెప్పాక గొలుసు తప్పుకోవాలన్నట్టు. చివరికి గోడ కిందినుంచే, గోడ పొడవునా, గంటా పది నిమిషాలు మమ్మల్ని నడిపించాడు. గుడ్డు శాండ్విచ్‌లు తడిసిన బల్ల మీద కూర్చుని తిన్నాం. ఎదురుగా అద్దాల వెనక జనం వేడివేడి కేకులు తింటున్నారు. పిన్ని వాళ్ళనే చూస్తోంది.

"అలాంటి చోట్లకి కార్లవాళ్ళు పోతారు," అన్నాడు క్లిఫర్డ్.

నాలుగింటికి పెద్ద చర్చిలో సాయంత్రం ప్రార్థన. ప్లానులో ఆ గంట చుట్టూ చతురస్రం గీసి ఉంది. పిన్ని దాన్ని పొద్దుటినుంచీ పది సార్లు చూసుకుంది. "చర్చిలోనే బెత్," అంది. పగలు ఆ చర్చి చూడాలంటే టికెట్ కొనాలనీ, ప్రార్థనకొచ్చేవాళ్ళను ఊరికే రానిస్తారనీ నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు.

పిల్లలు పాడుతున్నారు. పిన్ని కళ్ళు మూసుకుంది. క్లిఫర్డ్ చిన్న దూరదర్శిని తీసి పైకప్పు చూశాడు, తర్వాత గోడల మీది పేర్లు చూశాడు. ప్రార్థన మధ్యలో వంగి, "ఇదంతా టికెట్ పెట్టి చూసేవాళ్ళున్నారు, వెర్రిబాగులాళ్ళు," అన్నాడు. ముందువరస ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. సిగ్గుతో తల దించుకున్నది నేనే.

బయటికొచ్చాక గుమ్మం పక్కన ఆగాడు.

"గ్లెనిస్, నిన్నొక మాట అడగాలి. చాలా రోజుల్నించి అనుకుంటున్నా."

పిన్ని ఎడమచేతి జోడు తీసేసింది. ఆ చలిలో, వేళ్ళు కాస్త చాపి నిలబడింది.

"ఫిబ్రవరి పంతొమ్మిదికి మనకి ఏడాది నిండుతుంది."

"తెలుసు క్లిఫర్డ్ గారూ."

"ఇంకో ఏడాదికి పొడిగిద్దామా? నువ్వో కొత్త ఫోటో ఇవ్వాల్సొస్తుంది. దీన్లో జుట్టు నుదుటి మీద పడింది."

"దేన్ని పొడిగించడం?"

"కార్డుని."

జనం మా పక్కనుంచి పోతున్నారు.

"నాకు ముందు ఎవరున్నారు దాని మీద?" అంది చివరికి.

"డోరీన్. మంచిదే పాపం. మోకాలు ఆపరేషన్ అయ్యాక నడక బాగా తగ్గిపోయింది. ఒక్కరు వెనకబడితే ప్లాను మొత్తం పోతుంది కదా." అని గడియారం చూసుకున్నాడు. "4.58. రెండు నిమిషాలు ఆలస్యమయ్యాం."

పిన్ని చేతిజోడు మళ్ళీ తొడుక్కుంది, ఒక్కో వేలూ సర్దుకుంటూ.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి పిన్ని మంచం ఖాళీ. ఫలహారం వేళకు వచ్చింది, ముక్కు ఎర్రగా.

"స్టేషన్‌దాకా వెళ్ళొచ్చా. మావిస్‌కి ఫోన్ చేశా," అంది నాతో. "దుకాణం మనదే. పొద్దున్నే ఐదింటికి లేవాలట. ఏడవకు మొద్దూ, గుడ్డు చల్లారిపోతుంది."

క్లిఫర్డ్‌తో మాత్రం, "తిరుగు ప్రయాణంలో నేనూ బెత్ వేరే పెట్టెలో కూర్చుంటాం," అంది.

"అలిగావా?" అన్నాడాయన, సాసేజి నములుతూ. "కూర్చో. బండి ఒకటే కదా, కార్డు చెల్లుతుంది."

బండి హాలిఫాక్స్ దాటాక మా పెట్టె తలుపు తెరుచుకుంది. ముందు నిన్నటి లావుపాటావిడ, వెనక ఫైలు చంకలో పెట్టుకుని క్లిఫర్డ్.

"అమ్మా, ఈయన మీతో వచ్చానంటున్నారు. ఏదీ, పక్కన ఎవరూ లేరేమిటంటే, వెనక ఉన్నారంటారు."

"చెప్పు గ్లెనిస్. మనిద్దరం కలిసే కదా వెళ్తున్నాం."

పిన్ని కార్డు తీసుకుని వెలుగులో పట్టుకుని చూసింది. "ఫోటోలో ఉన్నది నేనే. జుట్టు చేయించుకుని మరీ తీయించుకున్నా."

"అయితే కలిసే వెళ్తున్నారు."

"లేదండీ. నా టికెట్ ఇదిగో."

ఆవిడ టికెట్ చూసి తలూపింది. క్లిఫర్డ్ కూడా మెడ చాచి చూశాడు. అంతవరకూ నిలకడగా ఉన్న ఆయన మొహం అప్పుడు పాలిపోయింది.

"గ్లెనిస్! పూర్తి ధర పెట్టి కొన్నావా?"

ఏడాదిపాటు కలిసి తిరిగిన మనిషి వదిలిపోతోంది. ఆయన గుండెకు తగిలింది మాత్రం ఆ టికెట్ ధర.

"పెట్టా క్లిఫర్డ్. నిన్ను వదిలించుకోడానికి అదేమంత ఎక్కువనిపించలేదు."

అవతలి సీట్లో కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు.

"సార్, కార్డు ఇద్దరికి. ఇప్పుడు మీరొక్కరే," అంది లావుపాటావిడ, జాలిగా కాదు. "కొత్త టికెట్ తీసుకోవాలి."

"రూలు ఉంది. నా దగ్గర రాసి ఉంది," అంటూ ఫైలు తెరిచాడు. బండి మలుపు తిరిగింది. పదకొండు కాగితాలూ ప్లాస్టిక్ తొడుగులతో సహా జారి సీట్ల కిందికి పోయాయి. నేను వంగబోయాను. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. తడి బూట్ల మధ్య, మోకాళ్ళ మీద పాకుతూ ఆయనే ఏరుకున్నాడు. మెట్ల కింద దూరిన అలవాటు అప్పుడు పనికొచ్చింది.

మార్చిలో ఒక శనివారం దుకాణం ముందు వరస తలుపుదాకా ఉంది. పిన్ని తీగతో చీజు కోస్తోంది, నేను పొట్లాలు కడుతున్నాను. తలెత్తితే ఎదురుగా క్లిఫర్డ్. చంకలో కొత్త ఫైలు. పిన్ని వైపు చూడలేదు. ముందుకు వంగి నెమ్మదిగా అన్నాడు.

"బెత్, నువ్వు బాగా నడుస్తావు. యార్క్‌లో గమనించా. ఆదివారాలు నీకు ఖాళీయేగా? ఒక ఫోటో ఉంటే ఇవ్వు. మొహం బాగా కనపడాలి."

నేను ఆయన వెనక నిలబడ్డ ఆవిడ వైపు చూశాను.

"మీకేం కావాలండీ?" అన్నాను.