ఎవరూ నచ్చని మూల

అమెరికాలో మా అయోవా రాష్ట్రానికి జనవరి నెలలో మంచు తుఫాను ఎలాగూ తప్పదు. నాలుగేళ్లకోసారి దానికి తోడు, దేశాధ్యక్షులు కావాలనుకునేవాళ్లు కూడా వచ్చి పడతారు. మంచునైతే పారతో ఎత్తి పక్కన పోసుకోవచ్చు.

పార్టీ తరఫున ఎవరు పోటీ చేయాలన్న విషయంలో దేశం మొత్తానికి ముందుగా నోరు విప్పేది మేమే. ఈ గౌరవం మాకెందుకు దక్కిందో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. అడిగితే వెనక్కి తీసుకుంటారేమోనని ఎవరూ అడగలేదు. అందువల్ల మా ఊరు న్యూ ఆరిక్‌లో, కాబోయే అధ్యక్షుడితో మూడుసార్లు కరచాలనం చేసి, ఒకసారి పక్కన కూర్చుని సూప్ తాగిన మనిషి కూడా, "ఇంకా సరిగ్గా పరిచయం కాలేదండీ, అప్పుడే ఏం చెప్పగలం?" అని చిత్తశుద్ధితో అంటాడు.

హార్లన్ ఈలర్స్ అలాంటి మనిషే. డెబ్భై దాటినవాడు. సగం జీవితం పందులు పెంచాడు. పందుల ధర నేలకు తగిలిన ఏడాది వాటిని అమ్మేసి, స్కూలు బస్సు తోలాడు. రెండు ఉద్యోగాలకీ ఒకే రకం ఓర్పు కావాలనీ, కాకపోతే పందుల తల్లిదండ్రులు ఇంటికి ఫోన్ చేయరనీ అనేవాడు. రాజకీయాల్లో అతనిది ఎప్పుడూ భార్య ఆర్లిస్ వెనక నడిచే పార్టీ. ఆమె, గుమ్మంలోకి వచ్చిన ప్రతి అభ్యర్థి కాళ్లకేసీ ముందుగా చూసేది. బూట్లు తుడుచుకుని లోపలికి వచ్చినవాడికి ఆమె మద్దతు. ఆ పద్ధతిన ఆమె ఎన్నుకున్నవాళ్లు ఎక్కువమంది ఓడిపోయారు గాని, ఆమె నేల మాత్రం శుభ్రంగా ఉండేది.

నాలుగేళ్లుగా ఆర్లిస్‌కి మతిమరుపు జబ్బు. మా ఊరి వృద్ధాశ్రమంలో కిటికీ పక్క గదిలో ఉంటుంది. ఎవరు ఏది పెట్టినా నోరు బిగిస్తుంది, హార్లన్ పెడితేనే తింటుంది. అందుకని అతను రోజూ మధ్యాహ్నం వెళ్లి, మెడలో తువ్వాలు కట్టి, బంగాళదుంపలు మెత్తగా చిదిమి, చెంచాతో తినిపించి వస్తాడు. అభ్యర్థులు రావడం మొదలైన ఆ నవంబరులో, రెండు రాష్ట్రాల అవతల ఉండే యాజమాన్యం, ఏప్రిల్లో ఆశ్రమం మూసేస్తున్నట్టు చాలా మర్యాదగా తెలియజేసింది. తర్వాతి ఆశ్రమం నలభై మైళ్ల దూరం. చలికాలంలో మా రోడ్లు వారంలో సగం రోజులు మూసుకుపోతాయి. మంచు పడ్డ రోజున ఆర్లిస్ తినదు. హార్లన్ లెక్క అంతే.

కాబట్టి ఆ ఏడాది అభ్యర్థులందరికీ అతను ఒకటే ప్రశ్న వేశాడు. "మా ఊళ్లో వృద్ధాశ్రమం మూసేస్తున్నారు. మీరేం చేస్తారు?"

సెనేటర్ గారు కాఫీ హోటల్లో హార్లన్ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తన నాయనమ్మ చివరి రోజుల గురించి చెప్పి కళ్లు ఒత్తుకున్నారు. గవర్నర్ గారు మా ఊరి రైతు రూబెన్ వాళ్ల పశువులపాకలో, ఒక చెయ్యి ఆవు మీద వేసి, తన దగ్గర తొమ్మిది అంశాల ప్రణాళిక ఉందన్నారు. నాలుగో అంశం దగ్గర ఆయన్ని తీసుకెళ్లే కారు వచ్చింది. పెద్ద వ్యాపారవేత్త గారు గ్రంథాలయంలో, "చాలా మంచి ప్రశ్న" అని మెచ్చుకుని, దానికి బదులుగా ఇంకో ప్రశ్నకు జవాబిచ్చారు.

మంచు కాస్త తెరిపిచ్చిన ఒక ఉదయం, కాఫీ హోటల్లో హార్లన్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు డ్వేన్ క్రూస్. ఆర్లిస్ తమ్ముడు. మా ఊళ్లో సెనేటర్ గారి ప్రచారానికి పెద్దదిక్కు, అంటే ఆయన బొమ్మలున్న కాగితాలు అతని ట్రక్కులో ఉంటాయని అర్థం.

"బావా, మా సెనేటర్‌కి మద్దతని ఈ కార్డు మీద ఓ సంతకం పడెయ్. పనైపోతుంది."

"మీ సెనేటర్ వాళ్ల నాయనమ్మ గురించి చెప్పాడ్రా."

"మంచిదేగా?"

"మంచి ముసలమ్మే. కానీ ఆవిడ పోయింది. మా ముసలమ్మ బతికుంది."

"ఉన్నవాళ్లలో ఆయనే నయం బావా. నువ్వే చెప్పు, ఇంకెవరున్నారు?"

"సంతలో కూడా నువ్వింతే. ఉన్నవాటిలో ఇదే నయమని ఒకసారి కుంటిపందిని తోలుకొచ్చావు."

"ఆ కుంటిది పదకొండు పిల్లల్ని పెట్టింది!"

"సెనేటర్ ఎన్ని పెడతాడంటావు?"

పక్క బల్ల దగ్గరున్నవాళ్లం కాఫీ కప్పుల వెనక మొహాలు దాచుకున్నాం. హార్లన్ నవ్వలేదు. "అక్కని చూసి ఎన్నాళ్లయిందిరా?" అన్నాడు.

డ్వేన్ చెంచాతో కాఫీ కలిపాడు. అతను కాఫీలో చక్కెర వేసుకోడు. "ఈ ప్రచారం గొడవలో... తీరికేదీ బావా."

అది ప్రచారం గొడవ కాదని ఊరందరికీ తెలుసు. కిందటేడు ఆమె పుట్టినరోజుకి డ్వేన్ పువ్వులు పట్టుకుని వెళ్తే, ఆర్లిస్ మొగుడి వైపు తిరిగి, "ఈయనెవరు? మనమేమన్నా బాకీ ఉన్నామా?" అని అడిగింది. డ్వేన్ పెద్దగా నవ్వాడు. తర్వాత బయట తన ట్రక్కులో, ఇంజను వేయకుండా చాలాసేపు కూర్చున్నాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

కాకస్ రోజు సాయంత్రం స్కూలు భోజనశాలలో చేరాం. కాకస్ అంటే రహస్యంగా ఓటు వేసి తప్పించుకునే అవకాశం లేని ఎన్నిక. ఏ అభ్యర్థి నచ్చితే ఆ అభ్యర్థి మూలలోకి వెళ్లి, పొరుగువాళ్లూ, చర్చివాళ్లూ, అప్పులిచ్చినవాళ్లూ చూస్తుండగా నిలబడాలి. వచ్చినవాళ్లు నలభైమంది కాబట్టి, కనీసం ఆరుగురు లేని మూల లెక్కలోకి రాదు. అలాంటివాళ్లు వేరే మూలలో కలవాలి, లేదా కోటు తొడుక్కుని ఇంటికి పోవాలి. ఎవరూ నచ్చలేదని చెప్పుకునేవాళ్లకి కూడా చట్టప్రకారం ఒక మూల ఉంది. దానికీ ఆరుగురు కావాలి. అసంతృప్తి కూడా పద్ధతి ప్రకారమే ఉండాలని మా పెద్దలు నిర్ణయించారు.

చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్న మమ్మల్ని, పూర్వం ఇదే స్కూలుకి ప్రధానోపాధ్యాయురాలైన మార్సీన్ డర్క్స్ అధ్యక్ష స్థానం నుంచి అదలించింది. "పిల్లలూ, మూలల్లోకి పదండి. తోసుకోకండి. ఎల్డన్, ఆ టోపీ తియ్."

ఎల్డన్‌కి అరవై ఎనిమిదేళ్లు. టోపీ తీశాడు.

సెనేటర్ గారి మూలలో డ్వేన్ వేడివేడి పందిమాంసం శాండ్‌విచ్‌లు పెట్టాడు. వ్యాపారవేత్త గారి మూలలో బిస్కట్లున్నాయి గాని, అవి కొట్లో కొన్నవని తెలియగానే ఇద్దరు మద్దతుదారులు జారుకున్నారు. గవర్నర్ గారి మూలలో రూబెన్, అతని భార్య ఇర్మా, ఒక థర్మాస్ ఉన్నారు. చెత్తబుట్టల పక్కన, ఎవరూ నచ్చనివాళ్ల మూలలోకి హార్లన్ వెళ్లి నిలబడ్డాడు. అతని వెనక చర్చిలో పియానో వాయించే వెల్డా వెళ్లింది, ఒట్టి చేతులతో ఎక్కడికీ వెళ్లలేని మనిషి కాబట్టి దోసకాయ ఊరగాయ సీసాతో సహా. తర్వాత ఎల్డనూ, పదేళ్లుగా అతనితో మాటల్లేని తమ్ముడూ వెళ్లారు. ఎవరూ నచ్చకపోవడమన్న విషయం మీద ఆ అన్నదమ్ములకి ఏకాభిప్రాయం కుదిరింది. ఐదోవాణ్ణి నేను.

"ఐదుగురు," అంది మార్సీన్. "చాలదు. గవర్నర్ గారివాళ్లు ఇద్దరు. అసలే చాలదు. మాట్లాడుకోండి, కాస్త సమయమిస్తున్నా."

డ్వేన్ శాండ్‌విచ్ పట్టుకుని రూబెన్ దగ్గరికి పరిగెత్తాడు. వ్యాపారవేత్త గారి మనిషి బిస్కట్లతో పరిగెత్తాడు. హార్లన్ అందరికంటే వెనకగా, టోపీ చేతిలో పట్టుకుని వెళ్లాడు.

"నీకు చూపించడానికి మా దగ్గర అభ్యర్థి లేడు రూబెన్," అన్నాడు. "ఒక ప్రశ్న ఉంది, అంతే. దాన్ని ఎవడో ఒకడు చివరిదాకా వినాలి."

"నీ ప్రశ్నేంటో ఊరందరికీ తెలుసులే," అంది ఇర్మా. "మా అమ్మ ఆ ఆశ్రమంలోనే పోయింది, నా చెయ్యి పట్టుకుని. నలభై మైళ్ల దూరమైతే నేనుండేదాన్నా?" మొగుడి వైపు తిరిగింది. "లేవయ్యా."

"నేను గవర్నర్ గారికి మాటిచ్చానే."

"ఆయనకి మన ఆవు పేరు గుర్తుంది, నీ పేరు గుర్తులేదు. లే."

రూబెన్ లేచాడు. కారు తాళాలు ఇర్మా దగ్గరున్నాయి.

"ఎవరూ నచ్చనివాళ్లు, ఏడుగురు," అని ప్రకటించింది మార్సీన్. "లెక్కలోకి వచ్చింది. మీకొక ప్రతినిధి. మార్చిలో శనివారం పూట జిల్లా సభ, పొద్దుటినుంచి సాయంత్రం దాకా. మైకులో మాట్లాడొచ్చు. పేరు చెప్పండి."

అప్పుడు బయటపడింది మా తెలివి. ఓడిపోవడానికి మేమందరం ఏర్పాట్లు చేసుకుని వచ్చాం. నెగ్గితే ఏం చేయాలో ఒక్కడూ ఆలోచించలేదు. న్యూ ఆరిక్‌లో తన పేరు తాను చెప్పుకోవడం దొంగతనం కంటే కాస్త నయమైన నేరం. కాబట్టి ఎల్డన్ వెల్డా పేరు చెప్పాడు, వెల్డా నా పేరు చెప్పింది, నేను నేలకేసి చూశాను. ఎల్డన్ తమ్ముడు గోడతో అన్నాడు, "ప్రశ్న ఎవడిదో వాడే పోవాలి."

అందరం హార్లన్ వైపు తిరిగాం.

"మధ్యాహ్నం నాకు కుదరదు," అన్నాడు.

ఎందుకో అందరికీ తెలుసు.

"ఆ ఒక్కపూట నేను పెట్టనా?" అంది వెల్డా నెమ్మదిగా. తర్వాత తనే తల అడ్డంగా ఊపింది. "పోయినసారి పెడితే, చెంచా వచ్చి నా కళ్లజోడుకి తగిలింది."

"ఎవరూ లేకపోతే ఖాళీ అని రాస్తాను హార్లన్," అంది మార్సీన్. ఆ మాట అధ్యక్షురాలిగా కాకుండా మామూలుగా అంది. పెన్సిలు కాగితం మీద ఆనించి, వీలైనంత సేపు ఆగింది.

"నేను పెడతా."

గది అవతలి మూలనుంచి వచ్చింది ఆ గొంతు. డ్వేన్ చేతిలో సగం తిన్న శాండ్‌విచ్ అలాగే ఉంది.

"ఏం పెడతావురా?" అన్నాడు హార్లన్.

"అక్కకి. భోజనం. ఆ రోజు."

"నీ చేత్తో తినదు. చిన్నప్పట్నుంచీ నువ్వంటే పడదు దానికి."

"అయితే నన్ను వదిలించుకోడానికైనా తింటుంది."

హార్లన్ టోపీ అంచు చుట్టూ వేళ్లు తిప్పాడు. "ఒక్కరోజు వచ్చి పెడతానంటే కుదరదురా. కొత్తవాళ్లంటే బెదురుతుంది. ఇప్పట్నుంచీ రోజూ నాతో రావాలి."

"కొత్తవాణ్ణేగా బావా ఇప్పుడు. అలవాటు చెయ్."

"రేపొస్తావా?"

"రేపు సెనేటర్ గారి..." అని ఆగిపోయాడు. వెనక అతని మూలలోవాళ్లు పద్నాలుగు మందీ శాండ్‌విచ్‌లు నమలడం ఆపి చూస్తున్నారు. "వస్తా," అన్నాడు.

మార్సీన్ పేరు రాసింది.

మర్నాడు మధ్యాహ్నం డ్వేన్ ఆశ్రమం గుమ్మం దగ్గర బూట్లు చాలాసేపు తుడుచుకున్నాడని అక్కడి నర్సు చెప్పింది. "ఈయనెవరు?" అంది ఆర్లిస్. "బాకీవాడు కాదులే, దుంపలు తెచ్చాడు," అన్నాడు హార్లన్. ఆ వారమంతా ఆమె డ్వేన్ చెంచాకి నోరు తెరవలేదు. రెండోవారం డ్వేన్ చొక్కా మీద గ్రేవీ మరకలతో కాఫీ హోటల్‌కి వచ్చేవాడు. ఆ మరకల్ని చూసి ఊళ్లో ఎవరూ ఒక్క జోకు వేయలేదు. మా చరిత్రలో అది అపూర్వం. ఫిబ్రవరి చివర్లో ఒకరోజు ఆర్లిస్ అతని చేత్తో మూడు చెంచాలు తిన్నది. డ్వేన్ ఆ వార్తను, సెనేటర్ గారు ఏదో రాష్ట్రంలో గెలిచిన వార్త కంటే ముందు చెప్పాడు.

జిల్లా సభలో హార్లన్ కాగితం లేకుండా మాట్లాడాడు. మైకు కూసింది. అతను స్కూలు బస్సులో గోల చేసే పిల్లల్ని చూసినట్టు దాన్ని చూశాడు, అది ఊరుకుంది. తన ప్రశ్న అడిగి, జవాబు కోసం నిజంగానే నిలబడి ఎదురుచూశాడు. అలా ఎదురుచూసేవాణ్ణి ఆ సభ అంతకుముందు చూడలేదు, అందువల్ల చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. ఆ తర్వాత ఆశ్రమాన్ని కాపాడాలని తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఖర్చు ఎవరిదో చెప్పని తీర్మానాలు మా జిల్లాలో ఎప్పుడూ ఏకగ్రీవమే. అయితే, ముందు వరసలో కూర్చున్న జిల్లా బోర్డు సభ్యులిద్దరికి ఆ నిశ్శబ్దం పడలేదనుకుంటాను. యాజమాన్యంతో మాట్లాడారు. ఆశ్రమం మూసివేతను ఈ ఏప్రిల్ నుంచి వచ్చే ఏప్రిల్‌కి వాయిదా వేశారు. ఈలోగా బోర్డే కొనాలా అన్న చర్చ నడుస్తోంది. దీన్ని గెలుపంటారో లేదో నాకు తెలియదు. హార్లన్ మాత్రం, "ఇంకో మంచుకాలం గట్టెక్కుతుంది," అన్నాడు.

ఆ శనివారం సాయంత్రం, సభ ముగియగానే అతను తిన్నగా ఆశ్రమానికే వచ్చాడు. బండి తోలింది నేను. డ్వేన్ గుమ్మం బయట, చలిలో, కోటు లేకుండా నిలబడి ఉన్నాడు.

"తిన్నదా?" అని అడిగాడు హార్లన్, కారు తలుపు పూర్తిగా తెరవకముందే.

"దుంపలు తిన్నది. మాంసం సగం తిన్నది. ఆపిల్ పై ముక్క మాత్రం నాకే పెట్టింది బావా. తన చెంచాతోనే. 'తిను, చిక్కిపోయావు' అంది."

"నువ్వెవరో తెలిసిందా?"

"లేదు. పేరడిగింది, చెప్పాను. 'మా తమ్ముడి పేరూ అదేనయ్యా, వాడెప్పుడూ రాడు' అంది."

"నువ్వేమన్నావ్?"

డ్వేన్ చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు.

"వస్తాడులెండి, అన్నాను."