ఇప్పచెట్టు కింద చెప్పుకున్న తప్పు

బస్తరు రాజుల కాలంలో కొంటాలో కతోలిక క్రైస్తవులం మేమొక్క కుటుంబమే. ఏడాదికోసారి, ఈస్టర్‌ను మేము పిలిచే పాస్కు పండుగ ముందు, చర్చి గురువుగారు పడవలో శబరి నది దాటి వచ్చి దివ్యపూజ చేసేవారు. ఆ ఏడు ఆయన దగ్గర పాపసంకీర్తనం చేశాను. అంటే నా తప్పులు చెప్పుకున్నాను. మర్నాడు పక్కింటి అక్కతో ఇప్పపూలు ఏరడానికి అడవికి వెళ్లినప్పుడు ఆ సంగతి చెప్పాను.

"దేవునికి చెప్పుకోక మనిషికి చెప్పుడేంది చెల్లె? ఆయన ఊరంతా చెప్పడా?" అని అక్క నవ్వింది.

"పానం పోయినా చెప్పడక్కా. దేవుడు మన్నించిండని ఆయన నోట వింటే నాకు ధైర్నం."

"గట్ల చెప్తే తప్పు పోతదా?"

నా చేతులు ఆగిపోయాయి.

"చెప్తెనే సాలదు. ఎవరికి అన్యాయం చేసిననో వాళ్ల కాడికి పొమ్మన్నడు గురువు. నిరుడు నేను ఎండబోసిన పూలు నువ్వు ఎత్తుకపోయినవని ఊర్ల అన్నది నేనే. అది అబద్ధమక్కా. మేకలు తిన్నయని తర్వాత తెలిసింది. అయినా నోరు మూసుకున్న."

అక్క గంప నెత్తికెత్తుకుని ఒక్కతే వెళ్లిపోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు తెల్లవారుతుండగా ఖాళీ గంపతో మా వాకిట్లో నిలబడి పిలిచింది.

"పొద్దెక్కుతాంది. రావా ఏంది?"