రేస్ దిగని కారు

ఉద్యోగం వచ్చేసింది! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు ఆ డిగ్రీతో ఉద్యోగానికి పోబోయే మొదటి మనిషిని కూడా నేనే. శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టుకు పోయే దారిలో ఉన్న కార్ల షెడ్డులో. సోమవారం నుంచి రమ్మన్నారు. అమ్మకీ బాపుకీ అక్కడి నుంచే ఫోన్‌లో అరిచి చెప్పాను. అంతటితో బ్యాటరీ అయిపోయింది. ఛార్జింగ్ ఎక్కేదాకా ఆగలేక ఇది రాస్తున్నాను.

ఇంటర్వ్యూ అంటే కుర్చీ, నాలుగు ప్రశ్నలు అనుకుని ఇస్త్రీ చుడీదార్ వేసుకుని వెళ్లాను. షెడ్డు నడిపే ఉస్తాద్ నా ఫైలు ముట్టుకోలేదు. ఒక పాత పెట్రోల్ కారు వైపు గడ్డంతో చూపించాడు.

"గీ బండి కాలు తీసినా రేస్ దిగుతలేదు. గంటల ఏందో పట్టుకుంటే పని నీది. లేకుంటే ఫైలు పట్టుకొని ఇంటికి పో బిడ్డా."

షెడ్డు భాషలో ఇంజిన్ వేగాన్ని రేస్ అంటారు. కారు ఓనరు అత్తాపూర్‌లో స్థిరపడిన కోస్తా పెద్దాయన, రిటైరయ్యారు. స్టూలు మీద కూర్చుని, "సిగ్నల్ దగ్గర ఆగితే కారు గుర్రుమంటోందమ్మా. ఈ వయసులో నేనేదో పందేనికి దిగానని అందరూ చూస్తున్నారు" అన్నారు.

చదివిందంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి పోతోందేమోనని రబ్బరు పైపులన్నీ నొక్కి, చెవి పెట్టి విన్నాను. ఒక్కటీ బుస్సుమనలేదు. ఇంజిన్‌కు గాలి వదిలే థ్రాటిల్ లోపల తెరుచుకుని మూసుకునే రేకుకు మసి పట్టి ఉంటే తుడిచాను. చున్నీ నల్లబడింది, ఇంజిన్ మాత్రం అలాగే అరుస్తోంది.

"డిగ్రీ అయిపోయిందా, ఇంకా ఉందా?" చాయ్ చప్పరిస్తూ అడిగాడు ఉస్తాద్.

"జర ఆగు ఉస్తాద్!"

పావుగంటే మిగిలింది. ఏమీ తోచక పెద్దాయన్నే అడిగాను. "ఎప్పటిసంది సార్ గిట్ల?"

"మొన్న పూజ చేయించినప్పటి నుంచి. నేను స్పీడుగా నడుపుతానని మా ఆవిడకు బెంగ. దిష్టి దారం కట్టింది."

"ఎక్కడ కట్టిండ్రు?"

"స్పీడు ఎక్కడ పుడుతుందో అక్కడే కట్టాలంది. నేనే బానెట్ ఎత్తి చూపించాను."

ఉస్తాద్‌కు పొలమారింది.

ఇంజిన్ ఆపి టార్చ్ వేశాను. యాక్సిలరేటర్ కేబుల్ లాగితే తిరిగే చిన్న చక్రం ఉంటుంది. దాని వెనక, నల్ల కేబుల్ పక్కన నల్లదారం, ఏడు ముళ్లతో! కాలు తీసినా చక్రాన్ని పూర్తిగా వెనక్కి రానివ్వకుండా పట్టుకుని ఉంది. మొగుడి స్పీడు తగ్గాలని ఆమె కట్టిన దారం, ఆగి ఉన్న కారును కూడా ఉరికిస్తోంది.

"కోసి పారెయ్" అంటూ ఉస్తాద్ కట్టర్ అందించాడు.

పెద్దాయన గబుక్కున లేచారు. "వద్దమ్మా! మంగళవారం పూట కోశారని తెలిస్తే మా ఆవిడ నన్ను గుమ్మం తొక్కనివ్వదు!"

కట్టర్ పక్కన పెట్టి, ఏడు ముళ్లూ గోళ్లతో విప్పాను. ఇంజిన్ స్టార్ట్ చేసి, రేస్ ఇచ్చి, కాలు తీశాను. దిగింది. మెల్లగా, నిలకడగా ఆడుతోంది. దారాన్ని తీసుకెళ్లి, కదిలేదేదీ తగలని ఒక కమ్మీకి మళ్లీ ఏడు ముళ్లు వేశాను. పెద్దాయన దగ్గరుండి లెక్కపెట్టుకున్నారు.

"ముళ్లు విప్పుడు గూడ డిగ్రీల చెప్తరా?"

"లేదు ఉస్తాద్, మా అమ్మ చెప్పింది."

"నేనైతే కోస్తుంటి. ఆ సారు మళ్ల ఇటు మొఖాన రాకపోతుండె" అని నవ్వాడు. "సోమవారం రా. ఇస్త్రీ బట్టలు ఇంట్ల పెట్టి రా."

ఛార్జింగ్ ఎక్కి ఫోన్ లేచింది. ఇంకా చెప్పాల్సిన వాళ్లు:

మామిడిపల్లి పెద్దమ్మ. ముందు చెప్పకపోతే అలుగుతుంది.

బడంగ్‌పేట్ మేనమామ. "ఆడపిల్లకు ఇంజిన్లేంది" అన్న మనిషి. స్పీకర్ పెట్టమని అత్తకు చెప్పాలి.

కాలేజీలో బోర్డు మీద థ్రాటిల్ బొమ్మ గీసిన సార్.

నాతో పాటు చదివిన దోస్తు. తనకింకా ఉద్యోగం రాలేదు, కొంచెం మెల్లగా చెప్పాలి.

చిన్నాయన. ఆయనకు చెప్తే బస్తీ మొత్తానికి చెప్పినట్టే, అందుకే చివర్లో.