రసమట్టం బావ

మా అక్క మొగుణ్ణి పనిలో అందరూ రసమట్టం అని పిలుస్తారు. టైల్స్ పరవడం మా పని. ఆయన మేస్త్రీ, నేను ఆయన కింద. నేల సమంగా వచ్చిందో లేదో లోకమంతా రసమట్టం పెట్టి చూసుకుంటుంది. మా బావ మాత్రం కళ్ళు మూసుకుని, ఉత్తకాళ్ళతో గది ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఠక్కున ఆగేవాడు. ఆయన ఆగిన చోట తప్పు ఎప్పుడూ నాదే.

ముప్పై ఏళ్ళు కంకరలోనూ సిమెంటులోనూ అలాగే తిరిగాడు. బూట్లేసుకుంటే కాళ్ళు గుడ్డివైపోతాయనేవాడు. షుగరొచ్చి పదేళ్ళయింది. పోయిన ఏడాది కుడికాలి చిటికెన వేలు తీసేశారు. మొన్న డాక్టరమ్మ సన్నటి నైలాన్ దారంతో అరికాళ్ళు పొడిచి చూసి, స్పర్శ పోయిందంది. ఇంట్లో కూడా ఉత్తకాళ్ళతో నడవొద్దని, ఇంకో పుండు పడితే పాదమే తీసేయాల్సి రావచ్చని చెప్పింది. వేళ్ళకి ఇరుకు కాని మెత్తటి బూట్లు కొనుక్కోమంది. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలంది, రోజూ అరికాళ్ళు చూసుకోవాలంది. బావ అన్నిటికీ తలూపాడు. తలూపడంలో ఆయన్ని మించినవాడు లేడు.

నాలుగు రోజులు బూట్లతో పనికొచ్చాడు. ఐదో రోజు వాటిని పనిముట్ల సంచిలో పడేశాడు. నొప్పే లేనప్పుడు భయం దేనికిరా అన్నాడు. అక్క చెప్పీ చెప్పీ ఊరుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తర్వాత అదీ చల్లారిపోయింది.

మాటలతో వినడని ఒక రోజు కిటికీ పక్కన ఒక టైలు కావాలనే గోరు మందం ఎత్తుగా పరిచాను. మర్నాడు బావ కళ్ళు మూసుకుని నడిచాడు. దాని మీదుగానే వెళ్ళాడు, దాని మీదుగానే వచ్చాడు.

"బాగా కుదిరిందిరా," అన్నాడు.

ఇన్నేళ్ళలో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆయన చెయ్యి పట్టుకుని ఆ అంచు మీద పెట్టాను. చేతికి తెలిసింది. బావ అక్కడే చతికిలబడ్డాడు. తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది.

కాసేపటికి బూట్లు తెమ్మన్నాడు. తెచ్చిచ్చాను. డాక్టరమ్మ చెప్పినట్టు మొదటిసారి లోపల చెయ్యి పెట్టి తడిమాడు. కుడి బూటులోంచి, టైల్స్ మధ్య సందు కోసం మేం పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క బయటికొచ్చింది. దాని కొన మీద నల్లగా ఎండిన నెత్తురు. ఆ నాలుగు రోజులూ దాని మీదే నడిచాడు.

బావ కుడి పాదం ఎత్తి నా ఒళ్ళో పెట్టాడు. తడిగుడ్డతో సిమెంటు తుడిచాను. మడమకి ముందు వేలు దూరేంత గుంట ఉంది, చుట్టూ నల్లబడింది. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

"పక్కన గట్టిగా నొక్కి చూడరా," అన్నాడు బావ.

అప్పటికే నొక్కుతున్నాను.