గన్నేరుకు ఇంకో పేరు

కర్నూలు నుంచి కడపకు బస్సెక్కితే రోడ్డు మధ్యలో పొడుగునా గన్నేరు చెట్లే. పెద్దగా నీళ్లు అడగవు, పశువులు ముట్టవు, ఏడాదంతా పూస్తాయి. మొన్న పక్క సీట్లో ఒకావిడ ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటూ, "ఎంత బాగుండాయో సూడండి మేడం!" అంది. నేను తల తిప్పుకున్నాను. పొగరనుకునే ఉంటుంది. అనుకోనీ.

మా నాయన కర్నూల్లో జట్కా తోలేవాడు. ఆటోలొచ్చి ఎక్కేవాళ్లు తగ్గినా, ఎర్ర గుర్రాన్ని అమ్ముకోలేకపోయాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు వానల్లేవు. జొన్నచొప్ప నరికి పెట్టేవాడు, అదీ సగం కడుపుకే.

బడిలో తెలుగు అయ్యవారు పర్యాయపదాలు బట్టీ పట్టించేవారు. గుర్రము: అశ్వము, హయము, తురగము. గన్నేరు: కరవీరము, హయమారకము. గడగడా అప్పజెప్పేదాన్ని. ఆ చివరి మాటకు అర్థమేమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. చిలకకు నేర్పినట్టు నేర్పారు, చిలకలాగే పలికాను.

ఒకరోజు ఆ పర్యాయపదాల మీద పరీక్ష రాసి వస్తుంటే పార్కు గోడ పక్కన కత్తిరించి పడేసిన గన్నేరు కొమ్మలు కనిపించాయి. ఎండకు వాడినా ఆకు ఇంకా పచ్చగానే ఉంది. దేవుడికి పూలు కోసే చెట్టే కదా అనుకున్నాను. నాయన మెచ్చుకుంటాడని ఆశ. ఒడి నిండా తెచ్చి, ఆకు దూసి, చొప్పలో కలిపి తొట్టిలో వేశాను. పచ్చి ఆకైతే చేదుకు వదిలేసేదేమో. ఆకలి మీదుంది, ఊడ్చినట్టు తినేసింది.

నాయన వచ్చేసరికి గుర్రం నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటోంది. తొట్టి పక్కన రాలిన ఆకు తీసి చూశాడు.

"ఇది యాడిది?"

"పార్కు కాడ ఉంటే నేనే తెచ్చినా నాయనా."

"గన్నేరు పాపా ఇది. గుర్రాన్ని సంపుతాది."

అప్పుడు విడిపోయింది నా నోట్లో ఆ మాట. హయము, మారకము. గుర్రాన్ని చంపేది. పొద్దున్నే గుండ్రటి అక్షరాలతో రాసి వచ్చాను. నాయన కొట్టడానికి ఎత్తిన చెయ్యి గుర్రం మెడ మీద పెట్టి అక్కడే కూలబడ్డాడు. దీపాలు పెట్టే వేళకు అది పోయింది.

మరునాడు పక్కింటామె గోడ మీంచి తొంగిచూసి, "సదువుకునే పిల్లవి, గన్నేరు విషమని తెలీదా?" అంది. నేను నోరు తెరిచే లోపే నాయన అందుకున్నాడు.

"తెలిసింటే ఏసుంటాదా? బళ్లో సెప్పింటే నా బిడ్డ మర్సిపోయే రకం గాదు."

ఆ రోజే పేపర్లు ఇచ్చారు. హయమారకము పక్కన ఎర్ర సిరాతో టిక్కు, కింద "భేష్" అని. చించి పారేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఇంటికి వెళ్తే ఖాళీ జట్కా పక్కన కూర్చున్న నాయన, చదువు రాని నాయన, పేపరు చేతిలోకి తీసుకుని తిరగేశాడు.

"ఎట్లా రాసినావు పాపా?"

"అన్నీ రైటే నాయనా."

"సూసినావామ్మా," అన్నాడు పక్కింటామెకు వినబడేటట్టు, "నా బిడ్డకు బళ్లో సెప్పింది ఒక్కటీ తప్పిపోదు."