వీరరాఘవయ్య ఇంటికి రెండో కరెంటు

వీరరాఘవయ్యకు కుర్చీలో కూర్చోవడం రాదు. నలభై ఏళ్లు సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ మేనేజరుగా చేసినవాడికి కూర్చునే అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది? తెల్లారకముందే కార్లు పంపాలి, టిఫిన్లు తెప్పించాలి, హీరోగారు నిద్ర లేచారో లేదో కనుక్కోవాలి. మద్రాసులో మొదలుపెట్టి, సినిమాల వెంటే హైదరాబాదు వచ్చి, కృష్ణానగర్‌లో ఓ మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని, అరవై నాలుగో ఏట పని మానేశాడు. పని మానేశాడే గాని కాళ్లు మానలేదు. ఆ రెండు గదుల్లోనే ఈ గోడ నుంచి ఆ గోడకు రోజుకు ఎన్ని మైళ్లు నడిచేవాడో ఆయనకే తెలియదు.

ఆయన వృత్తిలో ఒక విద్య ఉంది. దాన్ని అబద్ధం అంటే ఆయనకు కోపం వచ్చేది. షాటు తొమ్మిదింటికైతే ఆర్టిస్టుకు ఏడని చెప్పాలి, మేకప్ మనిషికి ఆరని, జనరేటర్ వ్యాను డ్రైవరుకు ఐదని. ఎవరి బద్ధకం ఎంతో చూసి అంత ముందుకు జరపాలి. "నిజం చెబితే సినిమా పూర్తవదు" అనేవాడు. అదీ నిజమే కావచ్చు. చిక్కేమిటంటే ఆ విద్య ఇంటిదాకా వచ్చేసింది. "పది నిమిషాల్లో వచ్చేస్తా" అని ఫోను చేస్తే భార్య శేషారత్నం బియ్యం కూడా కడిగేది కాదు. ఆవిడ లెక్క ఆవిడకుంది.

ఆ ఏడు వేసవిలో శేషారత్నానికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాక పెద్ద డాక్టరు వీరరాఘవయ్యను పక్కకు పిలిచాడు. శనివారం ఇంటికి పంపుతామన్నాడు. కానీ ఆక్సిజన్ మిషను రాత్రింబవళ్లు నడవాలి, అది నడవాలంటే కరెంటుండాలి. కరెంటు పోతే సిలిండరు పెట్టుకోవచ్చు, అది రెండు గంటలొస్తుంది.

"ఆ తర్వాత?" అన్నాడు వీరరాఘవయ్య.

"ఆ తర్వాత దాకా రానివ్వకండి" అన్నాడు డాక్టరు.

రానివ్వకుండా ఉండటం తేలికేం కాదు. పేట పేటంతా మధ్యాహ్నం రెండు గంటలు కోత. రెండంటే ఒక్కోరోజు మూడు. పైగా ఆ ఇల్లు మొత్తానికి ఒకటే మీటరు, అదీ ఇంటాయన వెంకటనర్సయ్య పేరు మీద. కింద నలుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. హైటెక్ సిటీ నుంచి వచ్చి, ఇంట్లో కూడా కంప్యూటర్లు పెట్టుకుని, రెండు కూలర్లు వేస్తే పైన ఫ్యాను నీరసించి ఫ్యూజు ఎగిరిపోయేది. కాబట్టి వీరరాఘవయ్యకు రెండు కావాలి. పై వాటాకు సొంత మీటరు ఒకటి, కోత వేళకు వేరే ఏర్పాటు ఒకటి.

మీటరు సంగతి ప్రభుత్వానిది, అక్కడ బేరం లేదు. కరెంటు లేనప్పటి కరెంటు మాత్రం ఎవడు అమ్ముకుంటే వాడిది. సాఫ్ట్‌వేర్ జీతాలు వచ్చినప్పటి నుంచి సందుకో ఇన్వర్టర్ షాపు వెలిసింది. మొదటి షాపువాడు బ్యాటరీ మీద చెయ్యేసి, "నాలుగ్గంటలు గ్యారంటీ సార్" అన్నాడు. రెండోవాడు ఆరన్నాడు. మూడోవాడు "మీకెన్ని గంటలు కావాలో చెప్పండి సార్" అన్నాడు. వీరరాఘవయ్య మెట్లు దిగి వచ్చేశాడు. ఎదుటివాడికి కావలసిన గంటలు చెప్పడం తాను నలభై ఏళ్లు అమ్మిన సరుకే, తానెలా కొంటాడు?

చివరికి సందు మొదట్లో ఉన్న తిరుమలేశ్ దగ్గరికి వెళ్లాడు. ఒకప్పుడు ఆయన కిందే జనరేటర్ వ్యాను నడిపినవాడు. పాత జనరేటర్ ఒకటి కొనుక్కుని రేకుల షెడ్డులో పెట్టి, ముప్పై ఇళ్లకు వైర్లు లాగి, ఓ హెల్పర్ని పెట్టుకుని, కోత పడగానే నడుపుతున్నాడు. మంచి పనివాడు, మాట మీద నిలబడతాడు. వీరరాఘవయ్యకు నచ్చాడు.

అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతే ఆయన విద్య తలెత్తింది. లైన్‌మన్ మీటరు బిగించడానికి వచ్చేది బుధవారం. ఇంటాయన సంతకం చెయ్యాలి, మెట్లకింది మీటరు గది తాళం తియ్యాలి. వెంకటనర్సయ్యకు మాత్రం సోమవారమని చెప్పాడు. శేషారత్నం వచ్చేది శనివారం. తిరుమలేశ్‌కు మంగళవారమని చెప్పాడు. తిరుమలేశ్ "అట్లనే సార్" అని నవ్వాడు. ఆ నవ్వును వీరరాఘవయ్య పట్టించుకోలేదు.

వెంకటనర్సయ్య సోమవారం పొద్దున్నుంచి అరుగు మీదే కూర్చున్నాడు. మంగళవారమూ కూర్చున్నాడు.

"ఏంది సారూ, ఎవ్వడు రాకపాయె. బోరబండల బిడ్డ ఇంటికి పోవాల్నంటే మీకోసమే ఆగిన."

"దార్లో ఉన్నాడండీ, వచ్చేస్తున్నాడు" అన్నాడు వీరరాఘవయ్య అలవాటు కొద్దీ.

బుధవారం వెంకటనర్సయ్య మీటరు గదికి తాళం వేసుకుని బోరబండ వెళ్లిపోయాడు. పదకొండింటికి లైన్‌మన్ మీటరు చంకలో పెట్టుకుని నిజంగానే వచ్చాడు. వీరరాఘవయ్య ఇంటాయనకు ఫోను చేశాడు.

"మీ దార్లున్నోడి సంగతి నాకెర్కనే సారూ" అన్నాడు వెంకటనర్సయ్య తాపీగా. "రేపొస్త తియ్."

సంతకం లేనిదే బిగించడం కుదరదని, మళ్లీ తన వంతు వచ్చే బుధవారమేనని చెప్పి, లైన్‌మన్ మీటరుతో సహా వెళ్లిపోయాడు. వీరరాఘవయ్య ఆ సాయంత్రమంతా సందులో ఇటూ అటూ తిరిగాడు. తనను తాను తిట్టుకోలేదు, ఇంటాయన్ని తిట్టుకున్నాడు. ఇంకా శనివారం దాకా టైముంది కదా అనుకున్నాడు.

గురువారం పొద్దున ఆసుపత్రి నుంచి ఫోను. పెద్ద డాక్టరు ఊరికి వెళ్తున్నారు, మంచం ఇంకొకరికి ఇచ్చేశాం, ఇవాళ మధ్యాహ్నమే తీసుకెళ్లండి. బతిమాలాడు. కుదరదన్నారు. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే తిరుమలేశ్ షెడ్డుకు పరుగెత్తాడు.

"ఇవాళే తిరుమలేశూ. మధ్యాహ్నానికి లైను వేసెయ్యాలి. అమ్మగారు వచ్చేస్తున్నారు."

"సార్, మంగళవారం అన్నరు, రాలె. గిప్పుడు గురువారం అంటున్నరు. మీ గురువారం అంటె శనివారమే గద. శుక్రవారం మాపటికి ఏస్త, ఫికర్ చెయ్యకున్రి. రహమత్ నగర్‌ల పనుంది ఇయ్యాల."

"కాదయ్యా, నిజంగా ఇవాళే. ఒట్టు."

తిరుమలేశ్ ఈసారి నవ్వాపుకోలేకపోయాడు. "షూటింగుల గూడ ఒట్లు పెట్టేటోళ్లు గద సార్."

వీరరాఘవయ్య నోరు తెరిచాడు. ఏం చెప్పినా అది ఇంతకుముందు ఎక్కడో, ఏదో లొకేషన్లో, అబద్ధానికి వాడేసిన మాటే. కొత్త మాట ఒక్కటీ మిగల్లేదు. ఆయనకు మొదటిసారి భయం వేసింది. ఆసుపత్రికి టైమవుతోంది. వెనక్కి తిరిగాడు.

మూడింటికి శేషారత్నాన్ని ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. కుర్రాళ్లు ఆఫీసులో ఉన్నారు గనక మిషను బాగానే నడిచింది. ఆవిడ కిటికీ వైపు చూసి, చాలా రోజుల తర్వాత నవ్వింది. మూడున్నరకు కరెంటు పోయింది. మిషను ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. వీరరాఘవయ్య నర్సు చూపించినట్టే గొట్టం సిలిండరుకు తగిలించాడు, గడియారం చూశాడు, గుమ్మందాకా వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు.

"ఎంతసేపట్లో వస్తుందండీ?" అంది శేషారత్నం.

"ఇప్పుడే, పది..." అని ఆగిపోయాడు. ఆవిడ కళ్లలోకి చూశాడు. "తెలియదు రత్నం. రెండు గంటలకు రావచ్చు, మూడు గంటలు పట్టొచ్చు. మీటరు పెట్టలేదు. జనరేటర్ లైనూ లేదు. తిరుమలేశ్‌కు చెప్పాను, వాడు నమ్మలేదు."

సిగ్గుతో తల దించుకున్నాడు. ఆవిడ కోప్పడుతుందని చూశాడు. కోప్పడితే బాగుండుననిపించింది. ఆవిడ కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"ఫోనిలా ఇవ్వండి."

నంబరు నొక్కి ఇచ్చాడు. ఆవిడ గొట్టం కొంచెం పక్కకు జరుపుకుంది.

"తిరుమలేశూ, నేనయ్యా, రత్నమ్మని. ఇంటికొచ్చాను. కరెంటు పోయింది."

అంతే. అటునుంచి వాడు ఏదో రెండు ముక్కలన్నాడు. ఆవిడ ఫోను ఆయన చేతికిచ్చి కళ్లు మూసుకుంది. "వస్తున్నాడట" అంది.

పావుగంటలో తిరుమలేశ్ భుజాన వైరు చుట్ట, చంకలో నిచ్చెనతో వచ్చేశాడు. పని మీద పోయి అక్కడే అన్నం తింటూ లేచి వచ్చినట్టున్నాడు, చెయ్యి తుండుకు తుడుచుకుంటున్నాడు. గుమ్మంలోంచి శేషారత్నాన్ని చూసి, "తప్పయింది అమ్మా" అన్నాడు. తర్వాత గోడకు నిచ్చెన వేసి ఎక్కాడు. వీరరాఘవయ్య కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. రెండు కొసలు కలిపి టేపు చుడుతూ తిరుమలేశ్ కిందికి చూడకుండానే అన్నాడు.

"అమ్మ నిజంగనే వస్తుందని జర గట్టిగ చెప్తె అయిపోవు గద సార్."

"చెప్పాను కదయ్యా. ఒట్టు కూడా పెట్టాను."

టేపు చుడుతున్న చెయ్యి ఆగింది. వాడు అప్పుడు కిందికి చూశాడు.

"పెట్టిన్రు సార్" అన్నాడు మెల్లగా.

వీరరాఘవయ్య నిచ్చెనను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.